కవలలైతే పెద్దాపరేషన్ తప్పదా?

సిద్దిపేట ఆడపడుచు: మా చెల్లికి కవలలు, 34వ వారం. మొదటి బిడ్డ తల కిందికే ఉంది, రెండోది అడ్డంగా ఉంది. మాయలు వేర్వేరు. డాక్టరమ్మ నార్మల్‌కే చూద్దామంటోంది. చెల్లి వాళ్ల అత్తగారేమో 36 నిండగానే మంచిరోజు చూసి కోయించేద్దాం, పిల్లలకి అదే క్షేమం అంటోంది. మీరేమంటారు?

ఇద్దరి నాన్న: ఆపరేషనే చేయించండి. మా పిల్లలు అలాగే పుట్టారు. మొదటి బిడ్డ బయటికొచ్చాక రెండో బిడ్డ గుండె చప్పుడు పడిపోతే అప్పుడైనా కోయాల్సిందేగా? నొప్పులూ పడాలి, కుట్లూ పడాలి.

లేబర్‌రూమ్ సిస్టర్: అన్నా, జరగదని అనను. 25 దేశాల్లో సుమారు 2800 మంది తల్లులతో చేసిన ట్విన్ బర్త్ స్టడీ 2013లో వచ్చింది. అందరికీ మొదటి బిడ్డ తల కిందికే ఉంది. చీటీలు తీసినట్టు సగం మందికి ఆపరేషన్, సగం మందికి నార్మల్ అనుకున్నారు. బిడ్డ పోవడం, లేదా ప్రాణం మీదికి రావడం ఆపరేషన్ వైపు 2.2 శాతం, నార్మల్ వైపు 1.9. తేడా లేనట్టే.

ఇద్దరి నాన్న: నార్మల్ అనుకున్నవాళ్లలో చివరికి ఎంతమందిని కోశారో అదీ చెప్పమ్మా.

లేబర్‌రూమ్ సిస్టర్: దాదాపు 44 శాతం. దాచేదేముంది? కానీ మీరు చెప్పినట్టు ఒకరు నార్మల్‌గా, ఒకరు కోతతో పుట్టింది 4 శాతమే.

రెండో బిడ్డ అడ్డంగా ఉంటే ఏం చేస్తారో చెప్తా. మొదటి బిడ్డ రాగానే ఒకరు స్కాన్ పెట్టి రెండో బిడ్డ గుండె చూస్తుంటారు. డాక్టర్ లోపలికి చెయ్యి పోనిచ్చి, ఉమ్మనీటి సంచి పగలకుండానే పాదం వెతుకుతారు. మడమ తగిలితే అది పాదం, లేకపోతే చెయ్యి. పాదం దొరికాక మెల్లగా కిందికి తెస్తారు. చెయ్యి తిరిగిన డాక్టరైతే నిమిషాల్లో పని. ఫ్రాన్స్‌లో అది బాగా అలవాటు. 2017లో వచ్చిన లెక్కల్లో, నార్మల్ అనుకున్న తల్లుల్లో 80 శాతం మందికి ఇద్దరు పిల్లలూ అలాగే పుట్టారు.

గుంటూరు కారం: సిస్టర్ గారూ, అది ఫ్రాన్స్. మా ఊరి నర్సింగ్ హోమ్‌లో రాత్రి రెండింటికి నొప్పులొస్తే మత్తు డాక్టర్ పక్క టౌన్ నుంచి రావాలి. అలాంటి చోట నార్మల్ అనడం ధైర్యం కాదు, మొండితనం. రోజు చెప్పి కోయించుకోవడమే నయం.

లేబర్‌రూమ్ సిస్టర్: ఒప్పుకుంటా. లేదా పెద్దాసుపత్రికి మారాలి. మొదటి బిడ్డే ఎదురుకాళ్లతో ఉన్నా, ఇద్దరూ ఒకే సంచిలో ఉన్నా నేనూ ఆపరేషనే అంటా. నా గొడవంతా ఆ 36 మీద! మాయ ఒకటే అయితే 36 దాటాక తియ్యడం మామూలే. వేర్వేరు మాయలుండి, అంతా బాగుంటే 37 నిండాలి. నొప్పులు రాకుండా ముందే తీసిన పిల్లలకి ఊపిరితిత్తుల్లో నీరు తొందరగా ఆరదు. ముక్కుపుటాలు ఎగరేస్తూ, డొక్కలు లోపలికి లాగుతూ గబగబా ఊపిరి తీస్తుంటే ఎన్‌ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో పెట్టాలి. తల్లి ఒకచోట, పిల్లలు ఒకచోట. ఫ్రాన్స్ లెక్కల్లోనూ ఆపరేషన్ వైపు ఇబ్బందులు ఎక్కువగా కనిపించింది 37 లోపు పుట్టినవాళ్లలోనే.

ఇద్దరి నాన్న: సరే, 37 దాటాకే కోయించండి. ఆపరేషన్ మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను.

సిద్దిపేట ఆడపడుచు: రాత్రిపూట మత్తు డాక్టర్, పిల్లల డాక్టర్ ఉంటారా, రెండో బిడ్డని కాళ్లు పట్టి తీయడం అలవాటుందా అని రేపు అడుగుతా. లేదంటే వేరే ఆసుపత్రి చూస్తాం. ముహూర్తం సంగతి మాత్రం అత్తగారికి మీలో ఎవరైనా ఫోన్ చేసి చెప్పండి బాబూ, నా వల్ల కాదు.