‘సే యెస్ టు ది డ్రెస్’లో యెస్ అన్న తర్వాత గౌను సంగతేంటి?

పూలజడ:
టీఎల్‌సీ టీవీ చానెల్లో వచ్చే పెళ్లి గౌన్ల షో ‘సే యెస్ టు ది డ్రెస్’ గురించి ఒక సందేహం. పెళ్లికూతురు నాలుగైదు గౌన్లు వేసి చూస్తుంది, అద్దం ముందు పీట మీద నిలబడుతుంది, వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంటుంది, యెస్ అంటుంది. ఆ వెంటనే పెళ్లి దృశ్యాలు. మధ్యలో జరిగేది ఏమీ అర్థం కావట్లేదు. ఒంటి మీదున్న ఆ గౌనే ఇంటికి పట్టుకెళ్తారా? ఎవరు వేసుకున్నా అంత కొలిచినట్టు ఎలా సరిపోతోంది? చెప్పిన ధరలో అన్నీ వచ్చేస్తాయా? వచ్చే అక్టోబరులో న్యూజెర్సీలో చర్చి పెళ్లి ఉంది, తెల్ల గౌను కొనాలి. షోలో నేర్చుకోదగ్గవి ఏవో, పట్టించుకోనక్కర్లేనివి ఏవో తెలిసినవాళ్లు చెప్పండి.

సూదీదారం:
పూలజడ గారూ, ఒంటి మీద కనిపించేది శాంపిల్. ఎంతోమంది వేసుకుని విప్పిన గౌను అది, మళ్లీ హ్యాంగర్‌కే వెళ్తుంది. మీ కొలతలతో ఆర్డర్ పెట్టాకే మీ గౌను కుట్టడం మొదలవుతుంది.

శాంపిల్ సాధారణంగా ఒకటే సైజులో ఉంటుంది, ఎక్కువగా పెళ్లి గౌన్ల సైజుల్లో 8 నుంచి 12 మధ్య. సన్నగా ఉన్నవాళ్లకు వీపు వెనక పెద్ద క్లిప్పులు పెట్టి గుడ్డంతా వెనక్కి లాగేస్తారు. లావుగా ఉన్నవాళ్లకు జిప్ వేయకుండా వదిలేసి, ఆ ఖాళీలో గుడ్డ ముక్క పెట్టి ఎలాస్టిక్‌తో బిగిస్తారు. ముందు నుంచి చూస్తే రెండూ కొలతకు కుట్టినట్టే ఉంటాయి. కెమెరా వీపు వైపు తిరిగే ఆ రెండు మూడు సెకన్లు గమనించండి, అదంతా కనిపిస్తుంది. షాపులోనూ క్లిప్పులు ఎక్కడ పెట్టారో చూడండి. నడుము దగ్గర రెండు మూడు అంగుళాలు లాగారంటే లేస్ పువ్వులూ పక్క కుట్లూ వెనక్కి జరిగిపోయాయన్నమాట. మీ సైజులో వచ్చే గౌనులో అవి వేరే చోట ఉంటాయి.

ఎక్కువమంది దెబ్బతినేది సైజు దగ్గరే. పెళ్లి గౌన్ల సైజు అంకె మామూలు బట్టల కంటే ఒకటో రెండో ఎక్కువ వస్తుంది. అంకె చూసి కంగారు పడొద్దు. ఛాతీ, నడుము, తుంటి మూడూ టేపుతో కొలిపించుకుని, ఆ డిజైనర్ సైజు చార్టు పక్కన పెట్టి చూడండి. ఒక్కో డిజైనర్‌ది ఒక్కో చార్టు. ఛాతీ 10లో, తుంటి 14లో పడిందనుకోండి, 14కే ఆర్డర్ పెట్టాలి. ‘అప్పటికి తగ్గుతాను’ అని చిన్న సైజు మాత్రం వద్దు. మన బ్లౌజులకు లోపల రెండు మూడు కుట్లేసి మార్జిన్ వదులుతారు, కావాల్సినప్పుడు విప్పుకుంటాం. గౌనులో ఆ సౌకర్యం తక్కువ. లోపల వదిలిన గుడ్డే కొంచెం, పైగా శాటిన్ మీద పాత కుట్టు విప్పితే సూది రంధ్రాలు వరసగా కనిపిస్తాయి. లూజు తగ్గించడం తేలిక, టైటు వదలడం కష్టం.

రీలు:
టీవీ వైపు సంగతి నేను చెప్తాను. షో 2007 అక్టోబరులో మొదలైంది. తీసేది న్యూయార్క్‌లో మాన్‌హాటన్ 20వ వీధిలోని క్లైన్‌ఫెల్డ్ షాపులో. ఆ షాపు 1941లో బ్రూక్లిన్‌లోని బే రిడ్జ్‌లో ఫర్ కోట్ల కొట్టుగా పెట్టింది, మాన్‌హాటన్‌కు మారింది 2005లో. అరగంట ఎపిసోడ్‌లో ప్రకటనలు తీసేస్తే మిగిలేది ఇరవై నిమిషాల పైచిలుకు. అందులో ముగ్గురు పెళ్లికూతుళ్లుంటే మనిషికి ఏడు నిమిషాలు. అసలు అపాయింట్‌మెంట్ గంటన్నర దాకా నడుస్తుంది. గౌను తొడిగి బిగించడానికే ఒక్కోసారి పది నిమిషాలు పడుతుంది, అదంతా ఎడిటింగ్‌లో పోతుంది. గౌను డబ్బు పెళ్లికూతురు వైపువాళ్లే కడతారు, షోలో కనిపించినందుకు ఊరికే ఇవ్వరు.

షోలో ‘జాకింగ్ అప్’ అనే మాట వింటుంటారు. గౌను నచ్చుతోందో లేదో తేలని సమయంలో వెయిల్ (తల మీద వేసే పల్చటి మేలిముసుగు), రాళ్ల బెల్టు, నగలు తెచ్చి పెట్టేయడం. ఒక్కసారిగా పెళ్లికూతురు కళ వచ్చేస్తుంది, చాలా యెస్‌లు ఆ నిమిషంలోనే వస్తాయి. ఆ బెల్టుకీ వెయిల్‌కీ ధర విడిగా ఉంటుంది. అవన్నీ తీసేసి ఉత్త గౌనుతో ఒకసారి అద్దంలో చూసుకుని అప్పుడు నిర్ణయించుకోండి.

అపాయింట్‌మెంట్ నడిపే విధానం మాత్రం షో చూసి నేర్చుకోవాల్సిందే. కన్సల్టెంట్, అంటే గౌన్లు చూపించే షాపు మనిషి, మొదట అడిగేది బడ్జెట్. పైపరిమితి చెప్పి, దాన్ని దాటిన గౌను వేయనే వద్దనండి. ఖరీదైనది ఒంటి మీద పడ్డాక మిగతావి ఏవీ ఆనవు. వెంట ఇద్దరు ముగ్గురికి మించి తీసుకెళ్లొద్దు. ఎనిమిది మంది వరసగా కూర్చున్న ఎపిసోడ్లలో పెళ్లికూతురి మాట ఎవరికీ వినపడదు.

పూలజడ:
చాలా థాంక్సండీ. ఇంకో రెండు అడుగుతాను. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, నచ్చిన గౌనుకు కిందంతా లేస్ అంచు ఉంది. పొడవు కత్తిరిస్తే అంచు పోదా? అక్టోబరు పెళ్లికి ఎప్పటికల్లా ఆర్డర్ పెట్టాలి?

సూదీదారం:
అంచు పోదు గానీ పని పెద్దది. గౌన్లు పొడుగు మనిషికి, హీల్స్ కలిపి లెక్కేసి కుడతారు, కాబట్టి మీకు నాలుగైదు అంగుళాలైనా తగ్గించాల్సి రావచ్చు. ఉత్త నెట్ అయితే కత్తెర పెట్టి కోసేస్తే చాలు, మడత కూడా అక్కర్లేదు. లేస్ అంచు ఉంటే దాన్ని చేత్తో విప్పి, లోపలి పొరలు కోసి, మళ్లీ పైకి జరిపి కుట్టాలి. అంచు చుట్టుకొలత పైన తగ్గుతుంది కాబట్టి లేస్ పువ్వులు ఒకదాని మీద ఒకటి ఎక్కించి కలపాలి, అతుకు కనపడకూడదు. మెషిన్‌తో కానిచ్చేస్తే అంచు ముడతలు పడుతుంది. అందుకని ఆర్డర్ పెట్టేటప్పుడే మెడ గుంట దగ్గర్నుంచి చెప్పులతో సహా నేల దాకా కొలిచి, ఆ పొడవుకే కుట్టి ఇస్తారా అని అడగండి. కొందరు డిజైనర్లు అదనపు డబ్బు తీసుకుని చేస్తారు, తర్వాత సరిచేయించే ఖర్చుతో పోల్చుకోండి.

తేదీలు వెనక నుంచి లెక్కేసుకోండి. అక్టోబరు పెళ్లి అంటే ఆగస్టు మొదట్లో తొలి ఫిట్టింగ్ (గౌను వేసి చూసి ఒంటికి సరిచేయడం), గౌను జులైకి చేతిలో ఉండాలి. కుట్టి పంపడానికి నాలుగు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. డిసెంబరు, జనవరిలోపు ఆర్డర్ పెట్టేస్తే నిశ్చింత. ఆలస్యమైతే తొందర చార్జీ పడుతుంది. ఫిట్టింగులు మామూలుగా మూడు. మొదటిదానికే పెళ్లిలో వేసుకునే చెప్పులు, లోపలి బట్టలు తీసుకెళ్లాలి. పొడవు గుర్తు పెట్టాక హీల్ మార్చారంటే మళ్లీ మొదటికి వస్తుంది. ముందు వైపు అంచు నేలకు అర అంగుళం నుంచి అంగుళం పైన ఉంటే కాలికి తగలదు.

స్ట్రాప్స్ లేని గౌన్లలో పెళ్లికూతుళ్లు మాటిమాటికీ పైకి లాక్కోవడం షోలో చూసే ఉంటారు. అలాంటి గౌను బరువు నడుము మోయాలి, ఛాతీ కాదు. లోపల నడుము చుట్టూ గట్టి టేపు కుట్టి, ముందుగా దాన్ని హుక్కు పెట్టి, ఆ తర్వాత జిప్ వేస్తే ఇక జారదు. మీ గౌనులో అది లేకపోతే ఫిట్టింగ్‌లో అడిగి వేయించుకోండి, చిన్న పనే.

గుండీ:
ఎవరూ బసిల్ సంగతి ఎత్తలేదు. వెనక నేల మీద పాకే ట్రెయిన్‌ను చర్చిలో అలాగే వదిలినా, విందులో నడవాలంటే పైకి ఎత్తి కట్టాలి. రెండు పద్ధతులు. అమెరికన్ బసిల్‌లో ట్రెయిన్‌ను పైకెత్తి గౌను మీది చిన్న గుండీలకు తగిలిస్తారు. ఫ్రెంచ్ బసిల్‌లో కింద నుంచి లోపలికి ముడుచుకునేలా రిబ్బన్లు జతలు జతలుగా కడతారు. పల్చటి ట్రెయిన్‌కు ఒకటి నుంచి మూడు చోట్ల సరిపోతుంది, బరువైన లేస్‌కు అయిదు, ఆపైన కావాలి. తక్కువ చోట్ల వేస్తే బరువంతా ఒక్క దారం ఉచ్చు మీద పడి, డ్యాన్స్‌లో ఎవరైనా అంచు తొక్కగానే పుటుక్కున తెగుతుంది. రిబ్బన్లకు జతకో రంగు వేయించండి. ఆఖరి ఫిట్టింగ్‌కు ఆరోజు కట్టబోయే మనిషినే తీసుకెళ్లి, చేయించి చూసి, ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. సేఫ్టీ పిన్నులు, తెల్ల దారం ఎక్కించిన సూది ఆమె దగ్గరే ఉండాలి.

పావలా:
డబ్బు విషయం ఒకటి. షోలో తెర మీద వేసే ధర గౌనుది. ఆల్టరేషన్, బసిల్, వెయిల్, ఇస్త్రీ చాలా షాపుల్లో విడి బిల్లు. అడ్వాన్సు సాధారణంగా సగమో, అంతకు కొంచెం ఎక్కువో కట్టించుకుంటారు, గౌను ఆర్డర్ వెళ్లాక వెనక్కి ఇవ్వరు. న్యూయార్క్ నగరంలో ఈ ధర బట్టల మీద 8.875 శాతం సేల్స్ ట్యాక్స్ ఉంది. న్యూజెర్సీలో బట్టలకు సేల్స్ ట్యాక్స్ లేదు, పెళ్లి గౌనుకు కూడా. మూడు వేల డాలర్ల గౌనుకు ఆ తేడా 266 డాలర్లు, ఆల్టరేషన్ బిల్లులో కొంత భాగం దాంతోనే తీరుతుంది. రసీదు మీద డిజైనర్ పేరు, స్టైల్ నంబరు, సైజు, రంగు (ఐవరీకీ తెలుపుకీ తేడా ఉంటుంది), గౌను వచ్చే తేదీ రాయించుకోకుండా సంతకం పెట్టొద్దు.