ఇంగ్లీష్ 'టేక్' అసలు ఎక్కడిది? ఇన్ని అర్థాలేంటి?

చదువరి: టేక్ అంటే తీసుకోవడం అని బడిలో చెప్పారు. మరి 'ఇట్ టేక్స్ టూ అవర్స్' అంటే రెండు గంటలు పట్టడం, 'టేక్ ఆఫ్' అంటే చెప్పులు విప్పడం, విమానం ఎగరడం కూడా! పైగా జర్మన్‌లో తీసుకోవడాన్ని 'నేమెన్' అంటారు, పోలికే లేదు. రెండూ ఒకే కుటుంబం భాషలు కదా?

పదనిధి: మంచి అనుమానమే. టేక్ అరువు మాటండీ. పాత ఇంగ్లీష్‌లో తీసుకోవడానికి 'నిమన్' అనేవారు, నేమెన్‌కి సొంత చెల్లెలు. 9వ శతాబ్దంలో స్కాండినేవియా వాళ్ళు ఇంగ్లండ్ ఉత్తర, తూర్పు భాగాల్లో కాపురాలు పెట్టాక వాళ్ళ 'టాకా' మెల్లగా పాతుకుపోయి, నిమన్‌ని బయటికి నెట్టేసింది. దే, దెమ్, దెయిర్ కూడా ఆ దారినే వచ్చాయి.

నిమన్ ఆనవాళ్ళు మాత్రం మిగిలాయి. తిమ్మిరెక్కిందనే అర్థంలో వాడే 'నమ్' ఒకప్పుడు నిమన్‌కి భూతకృదంతం, అంటే 'పట్టుబడిన'. దాని చివర పలకని బి మూలంలో లేదు, తర్వాత తగిలించారు. చురుకుదనం చెప్పే 'నింబుల్' కూడా ఆ ఇంటిదే.

టాకా మూలార్థం చేత్తో తాకడం, పట్టుకోవడం. మిగతా అర్థాలన్నీ ఈ పట్టులోంచే సాగాయి. మన 'తాకు'తో పోలిక కాకతాళీయం, దాన్నిబట్టి చుట్టరికం కలపకండి.

వ్యాకరణం మాస్టారు: పుట్టుక సరే, తప్పులు దొర్లేది వాడకంలో. 'టేక్ ఆఫ్ యువర్ షూస్', 'టేక్ యువర్ షూస్ ఆఫ్' రెండూ ఒప్పే. కానీ సర్వనామం వస్తే అది మధ్యలోనే ఉండాలి: 'టేక్ దెమ్ ఆఫ్'. 'టేక్ ఆఫ్ దెమ్' తప్పు. పోలికలు రావడమనే 'టేక్ ఆఫ్టర్' మాత్రం విడదు: 'షి టేక్స్ ఆఫ్టర్ హర్'.

'హావ్ టుక్' అనకండి, 'హావ్ టేకెన్'. షేక్, షుక్, షేకెన్ కూడా ఇదే వరస. మేక్, బేక్ ఈ వరసలోకి రావు.

ఇంకోటి, పరీక్ష. మనం రాస్తాం, అక్కడ 'టేక్' చేస్తారు. అమెరికాలో 'ఐ గేవ్ ద ఎగ్జామ్' అంటే మిమ్మల్ని పరీక్ష పెట్టిన టీచరనుకుంటారు.

చదువరి: థాంక్సండీ. మరి 'టేక్ ఎ డెసిషన్' తప్పా?

వ్యాకరణం మాస్టారు: తప్పు కాదు, బ్రిటిష్ వాడుకలో ఉంది. అమెరికా వాళ్ళకి రాస్తుంటే 'మేక్' పెట్టండి.