మోడల్ టి గేర్‌బాక్స్: రివర్స్‌లో రెండో డ్రమ్ ఎదురు తిరగడం మామూలేనా?

అందరికీ నమస్కారం. మా అబ్బాయి స్కూలు ఎగ్జిబిషన్ కోసం ఫోర్డ్ మోడల్ టి కారు (1908–1927) ప్లానెటరీ గేర్‌బాక్స్‌ని (మధ్య గేర్ల చుట్టూ మిగతా గేర్లు తిరిగే రకం) ప్లైవుడ్‌తో చేస్తున్నాను. ముందుకు రెండు గేర్లు, వెనక్కి ఒకటి. పళ్లు ఎప్పుడూ కలిసే ఉంటాయి. పెడల్ తొక్కితే బ్యాండ్ (చుట్టూ ఉండే పట్టీ) బిగిసి ఒక డ్రమ్ (మధ్య గేరుతో కలిసి తిరిగే గుండ్రటి డబ్బా) ఆగుతుంది, అంతే.

ఫ్లైవీల్ (ఇంజన్‌తో తిరిగే బరువైన చక్రం) మీద మూడు పిన్నులు, ఒక్కోదానికి 27, 33, 24 పళ్ల గేర్లు కలిపి అతికించాను. మధ్యలో వాటికి జతగా వరుసగా 27 (చక్రాలకు వెళ్లే షాఫ్ట్‌ది), 21 (స్లో డ్రమ్, అంటే మొదటి గేరు కోసం ఆపేది), 30 (రివర్స్ డ్రమ్). స్లో డ్రమ్‌కి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి లాగి పట్టుకుంటే ఫ్లైవీల్ 11 చుట్లకు షాఫ్ట్ సరిగ్గా 4 చుట్లు. 11ని 4తో భాగిస్తే 2.75, లెక్క కుదిరింది, ఇద్దరం ఎగిరి గంతేశాం.

రివర్స్ డ్రమ్ ఆపితే 4 చుట్లకు షాఫ్ట్ ఒక చుట్టు వెనక్కి. ఇదీ సరే. కానీ అప్పుడు స్లో డ్రమ్ కూడా దాదాపు ఫ్లైవీల్ వేగంతోనే ఎదురు దిశలో గిర్రున తిరుగుతోంది! కాగితం మీద వేస్తే ఫ్లైవీల్ ఒక చుట్టుకు 0.96 చుట్టు వచ్చింది. అసలు బండిలోనూ ఇంతేనా, లేక పళ్లు తప్పుగా జత చేశానా?

ఇంకొకటి. అసలు బండిలో బ్యాండ్లు నూనెలో తడుస్తూ ఉంటాయి. నా ట్యూబు ముక్క మాత్రం రాసుకుని పొడిపొడిగా రాలుతోంది. బదులుగా ఏం చుడితే బాగుంటుంది? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, ఎగ్జిబిషన్ శనివారమే.