ఐరిష్ ఎయిర్‌ను వాల్ట్జ్‌గా వాయిస్తే తిశ్రగతి అనొచ్చా?

ఛందస్సు, సంగీతం రెండూ తెలిసినవాళ్లకి ఒక ప్రశ్న. మా అమ్మాయికి వయొలిన్ క్లాసులో ‘లండన్‌డెరీ ఎయిర్’ నేర్పుతున్నారు. ‘డానీ బాయ్’ పాట వరస అదే. పుస్తకంలో నాలుగు దెబ్బల లెక్కలో ఉంది. టీచరుగారేమో వాల్ట్జ్‌లా మూడు దెబ్బల్లో వాయించమన్నారట. చతురశ్రాన్ని (నాలుగు లెక్కని) తిశ్రగతిలోకి (మూడు లెక్కలోకి) మార్చడమంటే ఇదేనా? పాట చెడదా?

— చెడడం సంగతి తర్వాత చూద్దాం. ఐరిష్‌వాళ్ల స్లో ఎయిర్‌కి, అంటే నిదానంగా సాగే వరసకి, అసలు తాళం కట్టరండీ. షాన్-నోస్ అని, వాద్యం తోడు లేకుండా ఒక్కరే పాడే పాత పద్ధతి ఒకటుంది. స్లో ఎయిర్లు చాలావరకు ఆ పాటల వరసలే. ఫిడేలు మీద వాయించినా మాటల విరుపును బట్టే స్వరం సాగదీస్తారు. మన నాటకాల్లో పద్యం సంగతీ అంతే. గణాలు లెక్క ప్రకారమే ఉంటాయి, కానీ నటుడు రాగం అందుకున్నాక తాళం వేసేదెవరు?

ఇక మీ పాట. ‘ఓ డానీ’ ఎత్తుగడ, మొదటి దెబ్బ ‘బాయ్’ మీద. దెబ్బకి రెండు మాత్రలనుకుంటే, నాలుగు దెబ్బల లెక్కలో ‘బాయ్’కి మూడు మాత్రలు, తర్వాతి ‘ది పైప్స్ ది పైప్స్ ఆర్’కి తలా ఒకటి, వెరసి ఎనిమిది. ‘బాయ్’ని ఒక్క మాత్రకి కుదిస్తే ఆరు మిగులుతాయి: బాయ్ ది / పైప్స్ ది / పైప్స్ ఆర్. ఊనిక పడాల్సిన మాటలన్నీ దెబ్బ మీదే పడ్డాయి, పైకి పాడి చూడండి. ‘బాయ్’ మీద నిలిచే ఆ సుఖం మాత్రం పోతుంది. నాకైతే అది పెద్ద నష్టమే.

తిశ్రగతి అని మాత్రం అనకండి. గతి అంటే ఒక్కో దెబ్బలో ఎన్ని మాత్రలన్న లెక్క. ఇక్కడ దెబ్బకి రెండే, ఆవృత్తానికి (తాళం ఒక చుట్టుకి) మూడు దెబ్బలు. మూడు దెబ్బల్లో వేసే రూపక తాళానికి దగ్గర. మూడేసి మాత్రల నడక కావాలంటే మన ఛందస్సులో తురగవల్గన రగడ ఉంది, వాళ్లకి జిగ్ అనే నాట్య వరస ఉంది.

— చిన్న అభ్యంతరం. వెదర్లీ ‘డానీ బాయ్’ మాటలు రాసింది 1910లో, ఈ వరసకి కుదిర్చింది 1913లో. వరస అచ్చయింది 1855లో, ఐరిష్ వరసలు సేకరించిన పెట్రీ సంకలనంలో. ఆ మాటల ఊనిక చూపించి పాత వరస నడక ఎలా తేలుస్తారు?

— తేల్చలేను, ఒప్పుకుంటా. నేను చెప్పింది ఇప్పుడు వాయించేవాళ్లకి. పాత నడక మీద జానపద సంగీత పరిశోధకురాలు ఆన్ గిల్‌క్రిస్ట్ 1934లోనే ఒక వాదం చేశారు. పెట్రీకి ఈ వరస పంపింది లిమవాడీ ఊరి జేన్ రాస్. అసలు వరస మూడు దెబ్బలదేననీ, వాయించినవాళ్లు స్వరాల్ని బాగా సాగదీయడంతో ఆవిడ నాలుగుగా రాసుకుని ఉంటారనీ గిల్‌క్రిస్ట్ అనుమానం. అదే నిజమైతే టీచరుగారు పాటని పుట్టింటికి పంపుతున్నట్టే!

— వాల్ట్జ్ నడక ముందు చేతికి రావాలంటే పాతకాలపు ఐరిష్ వాద్యకారుడు ఓ'కారలన్ (1670–1738) హార్ప్ వరస ‘షీ వ్యగ్, షీ వోర్’ పట్టమనండి. ఇప్పుడు దాన్ని చాలామంది వాల్ట్జ్‌గానే వాయిస్తారు. అందులో ఏదీ కుదించే పని లేదు.