నెట్ లేకుండా క్యూజీఐఎస్: తుఫాను సహాయక చర్యల్లో సైన్యంతో ఒకే గ్రిడ్

ప్రశ్న: సాగరతీరం_44
విశాఖ నుంచి ఇచ్ఛాపురం దాకా తుఫాను సహాయక మాక్‌డ్రిల్‌కి మ్యాపులు తయారుచేయాలి. సైనికులు గ్రిడ్ రిఫరెన్సులో (మ్యాపు గళ్ల అంకెల్లో) మాట్లాడతారు, వాలంటీర్లేమో ఫోన్‌లో పిన్ పంపుతారు. నాలుగు ల్యాప్‌టాపుల్లో మ్యాపులు చేసే క్యూజీఐఎస్, ఫోన్లలో దాని జోడీ యాప్ క్యూఫీల్డ్ ఉన్నాయి. 2014 హుద్‌హుద్ నాటిలా టవర్లు పడిపోయాయనుకుని నెట్ లేకుండా చేయాలి. ఏ ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదును మ్యాపుగా పరిచే పద్ధతి) పెట్టాలి? పాత సర్వే ఆఫ్ ఇండియా షీట్ల స్కాన్లు పనికొస్తాయా?

గ్రిడ్‌గీత
ముందు 84 డిగ్రీల తూర్పు రేఖాంశం సంగతి తేల్చుకోండి. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం టౌను యూటీఎం (భూమిని 6 డిగ్రీల పట్టీలుగా కోసే గ్రిడ్) 44వ జోన్‌లో ఉన్నాయి (క్యూజీఐఎస్‌లో ఎంచుకునే కోడ్ ఈపీఎస్‌జీ 32644). టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం 45లోకి పోతాయి (32645). ఆ రేఖ దాటగానే ఈస్టింగ్ (తూర్పు దిశ అంకె) 817 కి.మీ. నుంచి ఒక్కసారిగా 183కి పడిపోతుంది. వైర్‌లెస్‌లో ఉత్త అంకెలు చదివితే బోటు ఎటో పోతుంది. 44క్యూ, 45క్యూ అని జోన్‌తో సహా, 100 కి.మీ. చదరానికిచ్చే అక్షరాలతో సహా చెప్పాల్సిందే.

ప్రాజెక్టు మాత్రం మొత్తం 32644లోనే ఉంచండి. ఇచ్ఛాపురం దగ్గర కూడా దూరాల్లో తేడా కిలోమీటరుకు మీటరున్నరే. ప్రింట్ లేఅవుట్‌లో తూర్పు షీట్లకి గ్రిడ్ సీఆర్‌ఎస్ (గళ్ల గీతల ప్రొజెక్షన్ కోడ్) 32645 చేసి, ఇంటర్వెల్ 1000 పెట్టండి.

ఏ3 మీద 1:25,000 అయితే కిలోమీటరు 4 సెం.మీ., షీటుకి సుమారు 10×7 కి.మీ. వస్తుంది. ప్రింటర్‌లో 'ఫిట్ టు పేజ్' ఉంటే ఆ 4 కాస్తా 3.8 అవుతుంది. పంచేముందు స్కేలు పెట్టి కొలవండి.

పాతషీటు
స్కాన్లు వాడొచ్చు, కానీ అవి ఎవరెస్ట్ డేటమ్‌వి (అక్షాంశ రేఖాంశాలు కొలిచే పాత ఆధారం). మూలల్లోని అక్షాంశ రేఖాంశాలను డబ్ల్యూజీఎస్84 (జీపీఎస్ వాడే డేటమ్) అనుకుని, స్కాన్‌ని మ్యాపు మీద కూర్చోబెట్టే జియోరిఫరెన్సర్‌లో కొట్టేస్తే విశాఖ దగ్గర 200 మీటర్ల పైనే జరుగుతుంది. కల్యాణ్‌పూర్ 1975 (4146) ఎంచుకుని, ఆ తర్వాత డబ్ల్యూజీఎస్84లోకి మార్చండి. భీమిలి లైట్‌హౌస్ మీద పడిందో లేదో చూస్తే తెలిసిపోతుంది. అసలు 1:50,000 ఓపెన్ సిరీస్ షీట్లు దొరికితే ఈ తంటానే లేదు, అవి డబ్ల్యూజీఎస్84లోనే ఉంటాయి. 'రెస్ట్రిక్టెడ్' ముద్ర ఉన్న షీటుని మాత్రం గ్రూపుల్లో పెట్టకండి.

జీపీకేజీ_బాధితులు
డేటా పోయేది ఎక్కువగా కాపీ దగ్గరే. లేయర్ తెరిచి ఉండగా ఫోల్డర్ చూస్తే జియోప్యాకేజ్ (మ్యాపు డేటా దాచే ఫైలు) పక్కనే పేరు చివర 'వాల్' అని ఇంకో ఫైలు ఉంటుంది. తాజా మార్పులు అందులో ఉండొచ్చు. అసలు ఫైలొక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే చివరి గంట పని గల్లంతు. క్యూజీఐఎస్ మూసి, 'వాల్' మాయమయ్యాకే కాపీ చేయండి.

ఒకే జియోప్యాకేజ్‌ని షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి నలుగురూ ఎడిట్ చేయబోతే 'డేటాబేస్ లాక్డ్' అంటుంది. ఒక ల్యాప్‌టాప్‌లో పోస్ట్‌జీఐఎస్ (నలుగురూ ఒకేసారి రాయగల మ్యాపు డేటాబేస్) వేసి, మిగతా మూడూ రౌటర్‌తో దానికి కలపండి. ఫోన్ల నుంచి వచ్చే పాయింట్లకు ఐడీగా వరుస అంకె వద్దు, యూయూఐడీ (ఎక్కడా రెండోసారి రాని పొడవాటి కోడ్) పెట్టండి. లేకపోతే ప్రతి ఫోన్‌లోనూ 1, 2, 3 అని మొదలై కలిపేటప్పుడు గుద్దుకుంటాయి.

సాగరతీరం_44
ధన్యవాదాలండీ. ఎత్తుల డేటాతో ముంపు ప్రాంతాలు గీయొచ్చా?

గ్రిడ్‌గీత
కోపర్నికస్ 30 మీటర్ల ఉపగ్రహ ఎత్తుల డేటాలో కొబ్బరితోట తలలు, డాబాలు కూడా నేలలాగే లెక్కలోకి వస్తాయి. మునిగే ఊరు మెరకగా కనిపిస్తుంది, కాబట్టి ఉప్పెన గీతకు నమ్మొద్దు. ఘాట్‌రోడ్ల వాలుకి పర్లేదు, ముందు 32644లోకి మార్చాలి. డిగ్రీల్లోనే లెక్కిస్తే కొండలన్నీ నిట్టనిలువు 90కి దగ్గరగా చూపిస్తుంది.

మౌనప్రేక్షకుడు
ఒక్క మాట. డ్రిల్‌కి ముందు నెట్ ఉన్నప్పుడు ఆన్‌లైన్ బేస్‌మ్యాప్ మీద జూమ్ చేస్తూ కూర్చుంటే, మీరు ఏ ప్రాంతం చూస్తున్నారో ఆ సర్వర్‌కి తెలిసిపోతుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా రాష్ట్రాల మొత్తంగా దింపుకుని, ముక్క మీ దగ్గరే కోసుకోండి. 2018లో స్ట్రావా (ఫిట్‌నెస్ యాప్) హీట్‌మ్యాప్‌లో సైనిక స్థావరాలు బయటపడింది జవాన్ల పరుగు గీతల వల్లే. కాబట్టి ఫోన్లలో ఫిట్‌నెస్ యాప్‌ల లొకేషన్ ఆపించండి. ఐఎన్‌ఎస్ డేగా (విశాఖ నేవీ విమాన స్థావరం), డాక్‌యార్డ్ వైపు పాయింట్లూ ఫొటోలూ తీయించొద్దు, ఆ భాగం నేవీ వాళ్లే చూసుకుంటారు.