అప్‌డేట్: అమ్మానాన్నలతో క్యోటో నడక

శాకాహారులైన అమ్మానాన్నలతో జపాన్‌లోని క్యోటోలో ప్రైవేటు గైడు నడకకు వెళ్లవచ్చా అని అడిగాను కదా, వెళ్లి వచ్చాం. అసలు చిక్కు కంటికి కనిపించే చేపలతో కాదు, ‘దాషి’ అనే వంట రసంతో. చాలా పులుసులకు ఎండబెట్టిన బొనిటో చేప రసమే ఆధారం. గైడుకు ముందే చెప్పాం కాబట్టి కొంబు అనే సముద్రపు నాచు రసంతో వండిన షోజిన్ ర్యోరి, అంటే బౌద్ధ సన్యాసుల భోజనం, దొరికింది. ఉల్లి, వెల్లుల్లి కూడా లేవు. నిషికి బజారు ఊరగాయల్లో కారమే లేదని అమ్మ సణిగింది, అయినా రెండు పొట్లాలు కొంది!

సంజూసంగెన్‌దో ఆలయంలో కరుణకు ప్రతీకగా కొలిచే బోధిసత్వుడు కన్నాన్ విగ్రహాలు 1001 ఉన్నాయి. వాటి ముందు నిలిచిన 28 మంది రక్షక దేవతల్లో వేణువు ఊదే గరుడుణ్ణి చూసి నాన్న కదలనే లేదు. అక్కడ గరుడుడి పేరు కరుర. లోపల ఫొటోలు తీయనివ్వరు. కొండ మీదికి సాగే ఫుషిమి ఇనారి మందిరం మెట్లు మాత్రం సగంలోనే మానేశాం, మోకాళ్లు ఒప్పుకోలేదు.