అప్లై చేసిన కాసేపటికే రిజెక్ట్ మెయిల్: సీవీని అసలు మనిషి చూస్తున్నాడా?

నెలాఖరు_క్లోజింగ్:
అందరికీ నమస్కారం. అకౌంట్స్ పేయబుల్‌లో ఎనిమిదేళ్లుగా చేస్తున్నాను. వెండర్ బిల్లులు సరిచూడటం, పేమెంట్లు, నెలాఖరు క్లోజింగ్, ఆడిట్‌కి కాగితాలు సిద్ధం చేయడం, అన్నీ రోజూ చేసే పనే. ఉద్యోగం మారదామని కొంతకాలంగా అప్లై చేస్తున్నాను. చాలాచోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. మొన్న ఒక కంపెనీకి రాత్రి పడుకునే ముందు పంపితే, ఫోన్ పక్కన పెట్టేలోపే 'మీ అప్లికేషన్‌ను ముందుకు తీసుకెళ్లలేకపోతున్నాం' అని మెయిల్ వచ్చేసింది. ఆ వేళప్పుడు ఎవరు చదువుతారు?

సీవీ చూడటానికి బాగుంటుంది. రెండు కాలమ్‌లు, ఎడమ పక్క స్కిల్స్, వాటికి చుక్కలతో రేటింగ్. పేరు, ఫోన్ నంబర్ పైన హెడర్‌లో ఉన్నాయి. ఏటీఎస్ (కంపెనీలు అప్లికేషన్లు తీసుకుని వడపోసే సాఫ్ట్‌వేర్) స్కోర్ చెప్పే ఒక సైట్ 48 ఇచ్చింది, ఇంకో సైట్ అదే ఫైల్‌కి 81 ఇచ్చింది. ఎవరిని నమ్మాలి? కీవర్డ్స్‌ని తెల్ల అక్షరాల్లో దాచిపెట్టమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. చేయొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

ఉదయరాగం:
రెండు కాలమ్‌లు తీసేసి ఒకే కాలమ్‌లో రాయండి. సగం సమస్య అక్కడే ఉంటుంది. తెల్ల అక్షరాల జోలికి మాత్రం పోకండి.

తెర_అవతల:
నేను రిక్రూటర్‌ని. రోజంతా ఏటీఎస్ ముందే పని. అవతలివైపు ఏం కనిపిస్తుందో చెప్తాను.

మీకు ఎదురైనవి రెండు వేర్వేరు సంగతులండీ. నిమిషాల్లో వచ్చిన మెయిల్‌కీ మీ సీవీ డిజైన్‌కీ మధ్య చాలావరకు సంబంధం ఉండదు. అప్లికేషన్ ఫారంలో కొన్ని ప్రశ్నలు ఉంటాయి కదా: ఇక్కడ పనిచేయడానికి అనుమతి ఉందా, ఫలానా డిగ్రీ ఉందా, ఫలానా సాఫ్ట్‌వేర్‌పై ఎన్నేళ్లు చేశారు అని. వీటిని నాకౌట్ ప్రశ్నలంటాం. కంపెనీ కోరుకున్న జవాబు రాకపోతే మెయిల్ దానంతటదే వెళ్లిపోయేలా పెట్టుకోవచ్చు. అలా పెట్టుకున్న చోట సీవీ తెరిచేదాకా కూడా పోదు. అందుకే ఆ పేజీని గబగబా దాటేయకండి, ప్రతి ప్రశ్నా నిదానంగా చదవండి. అబద్ధం మాత్రం రాయొద్దు, ఇంటర్వ్యూలో ముందు తవ్వేది అక్కడే.

జవాబే రాని చోట్ల జరిగేది వేరు. వర్క్‌డే, గ్రీన్‌హౌస్, ఐసిమ్స్ లాంటి సిస్టమ్‌లు మీ ఫైల్‌లోంచి అక్షరాలు బయటికి తీసి, పేరు, హోదా, కంపెనీ, తేదీలు అని ఎక్కడివక్కడ సర్దుతాయి. దీన్నే పార్సింగ్ అంటారు. ఆ తర్వాత నేను సెర్చ్‌లో 'అకౌంట్స్ పేయబుల్' అని కొడతాను. ఆ మాట మీ ఫైల్‌లోంచి సరిగ్గా బయటికి వచ్చి ఉంటే మీరు జాబితాలో ఉంటారు. రాకపోతే మీరున్నట్టే నాకు తెలియదు. ర్యాంకింగ్ వాడే కంపెనీలు కూడా ఆ బయటికి తీసిన అక్షరాలనే చూస్తాయి. పని వచ్చిన మనిషి వద్దనిపించుకోకుండానే మరుగున పడిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ సైట్ల స్కోర్లు వదిలేయండి. ఎవరి లెక్క వారిది, ఆ అంకె మా దాకా రాదు. దానికి బదులు మీ పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. ఏం వచ్చిందో ఇక్కడ పెట్టండి.

తెల్ల అక్షరాల సంగతి: బయటికి తీసిన టెక్స్ట్‌లో రంగులుండవు. మీరు దాచినవన్నీ నాకు మామూలుగానే కనిపిస్తాయి. ఆ తర్వాత ఆ సీవీలో మిగతాది నమ్మాలనిపించదు.

నెలాఖరు_క్లోజింగ్:
చేశానండీ. ఒక ముక్క ఇలా వచ్చింది:

'సీనియర్ అకౌంట్స్ ఎక్సెల్ ●●●●○ ఎగ్జిక్యూటివ్ మార్చి 2019 కమ్యూనికేషన్ నుంచి వెండర్ బిల్లుల టీమ్ వర్క్ ●●●○○ పరిశీలన'

ఇంకొకటి, ఇంగ్లిష్‌లో 'ఫైనాన్స్' అని రాసిన ప్రతిచోటా మొదటి రెండు అక్షరాలు పోయి ఒక ఖాళీ గడి వచ్చింది. స్క్రీన్ మీద మాత్రం చక్కగానే ఉంది!

తెర_అవతల:
చూశారా, మీ హోదా మధ్యలో ఎక్సెల్ వచ్చి కూర్చుంది. రెండు కాలమ్‌లనూ ఒకే వరుసగా అడ్డంగా చదివితే ఇలాగే వస్తుంది. ఉదయరాగం గారు చెప్పినట్టు ఒకే కాలమ్‌కి మార్చండి. టేబుళ్లు, టెక్స్ట్ బాక్సులు కూడా వద్దు. చుక్కలు తీసేయండి, నాలుగు చుక్కల ఎక్సెల్ అంటే ఏమిటో మెషిన్‌కీ తెలియదు, నాకూ తెలియదు.

ఆ ఖాళీ గడి ఫాంట్ వల్ల. కొన్ని ఫాంట్లు ఎఫ్, ఐ అక్షరాలను కలిపి ఒకే అచ్చుగా వేస్తాయి, పీడీఎఫ్‌లోంచి తీసేటప్పుడు అది విరిగిపోతుంది. నేను 'ఫైనాన్స్' అని వెతికితే మీరు దొరకరు. ఏరియల్ లాంటి మామూలు ఫాంట్ పెట్టి మళ్లీ పేస్ట్ చేసి చూడండి. ఫోన్ నంబర్‌ని హెడర్‌లోంచి పేజీలోకి దించండి. వర్డ్ ఫైల్ హెడర్‌ని కొన్ని సిస్టమ్‌లు చదవవు, ఫోన్ చేద్దామంటే నంబరే ఉండదు.

ఇక అసలు విషయం. 'వెండర్ బిల్లుల పరిశీలన' అని వదిలేశారు. ప్రకటనలో వాళ్లు 'ఇన్వాయిస్ ప్రాసెసింగ్', 'త్రీ వే మ్యాచింగ్' అని రాస్తారు. పర్చేజ్ ఆర్డర్, సరుకు అందిన రసీదు, ఇన్వాయిస్, ఈ మూడూ సరిపోల్చి పేమెంట్‌కి పంపేది మీరే అయితే ఆ మాటలే రాయండి. ఉత్త స్కిల్స్ జాబితాలో కాదు, ఆ పని చేసిన ఉద్యోగం కిందే. నెలకు సుమారు ఎన్ని ఇన్వాయిస్‌లు, ఏ సాఫ్ట్‌వేర్‌లో అన్నది కూడా కలపండి. సెర్చ్‌లో మీరు దొరికాక చదివేది మనిషేనండీ, ఆ వాక్యం చూసే ఫోన్ చేస్తాను. 'ఏపీ' అని పొట్టిగా రాసిన చోట ఒక్కసారైనా 'అకౌంట్స్ పేయబుల్' అని పూర్తిగా రాయండి. కొందరు అలా వెతుకుతారు, కొందరు ఇలా.

ఉదయరాగం:
ఒక మాట కలుపుతాను. కొన్ని సైట్లలో సీవీ అప్‌లోడ్ చేయగానే ఫారం గడులు వాటంతటవే నిండుతాయి. అవి తప్పుల తడకగా వస్తే మీ ఫైల్ సరిగ్గా చదవబడలేదని అక్కడే తెలిసిపోతుంది. ఓపిగ్గా దిద్ది, తేదీలు సరిచూసి అప్పుడు సబ్మిట్ చేయండి.

నెలాఖరు_క్లోజింగ్:
ఇద్దరికీ చాలా థాంక్స్. పీడీఎఫ్ పంపాలా, వర్డ్ పంపాలా?

తెర_అవతల:
వాళ్లు ఏది అడిగితే అది. ఏమీ చెప్పకపోతే వర్డ్‌లోంచి నేరుగా సేవ్ చేసిన పీడీఎఫ్ చాలు. ప్రింట్ తీసి స్కాన్ చేసింది మాత్రం వద్దు, అది ఉత్త బొమ్మ. ఉద్యోగ ప్రకటన కూడా కాపీ చేసి దాచుకోండి. గడువు అయ్యాక చాలాచోట్ల ఆ పేజీ తీసేస్తారు, ఇంటర్వ్యూ పిలుపు వచ్చేసరికి ఏ పోస్టుకి ఏం అడిగారో చూసుకోవడానికి ఏమీ మిగలదు.